ఆలమూరు వంటయింటి తర్కము

రాజమహేంద్రవరమునుండి ఆలమూరునకు పోవు దారి కష్టమైనది కాదు. వేమగిరి దాటి జాతీయ రహదారివెంట దక్షిణముగా సాగినచో కడియపులంకయొద్దనే కన్నులకు విందు మొదలగును. దారికిరుప్రక్కల పూలమొక్కల తోటలు. గులాబీలు, మందారములు, క్రోటనులు, పేరు తెలియని పైదేశపు మొక్కలు నల్లని సంచులలో వరుసలు తీర్చి నిలిచియుండును. ఇచ్చటినుండి మొక్కలు లారీలకెక్కి దూరదేశములకు పోవును. ఆ పచ్చదనము ముగియునంతలో మడికి కూరగాయల సంత యెదురగును. అచట నొక నిమిషమాగి దొండకాయలు బేరమాడకుండ ముందునకు సాగుట గృహిణియగు నే స్త్రీకిని సాధ్యము కాదు, మాకును కాలేదు. తరువాత జొన్నాడ. అచటి వంతెన యెక్కినచో గౌతమిని దాటి రావులపాలెము చేరుదుము. మేము వంతెన యెక్కక ప్రక్కదారికి తిరిగితిమి. కొలది దూరమున ఆలమూరు.

ధవళేశ్వరము మొదలు కోటిపల్లివరకు గౌతమి గట్టున తొమ్మిది జనార్దనస్వామి ఆలయములున్నవి. వీనిని నవజనార్దనములందురు. మడికి, జొన్నాడ, ఆలమూరు ఆ వరుసలోనివే. 1852లో కాటను దొర ధవళేశ్వరము ఆనకట్టను పూర్తిచేయించినది మొదలు ఈ నేల వరికిని, కొబ్బరికిని, అరటికిని పుట్టినిల్లయినది. ఊరు పెద్దదియు కాదు, చిన్నదియు కాదు. మండలకేంద్రమగుటచే కచేరీలున్నవి, న్యాయస్థానమున్నది. ఉదయము తొమ్మిదిగంటలకు ముఖ్యవీధిలో నిలుచున్నచో ఒక దిక్కున నల్లకోటులు ధరించిన ప్లీడర్లును, వేరొక దిక్కున పుస్తకముల సంచులతో బస్సు కొరకు వేచియుండు బాలికలును కనబడుదురు. మా చిన్ననాడు ఈ ఊరిలో బస్సు కొరకు వేచియుండు బాలికలు ఇంతమంది లేరు.

మేము పోయినది మా పినతల్లిగారింటికి. జ్యేష్ఠమాసము చివర, తొలకరి చినుకులు పడిన దినములు. పినతల్లిగారి మనుమరాలు ఇంటర్మీడియేటు ముగించినది. పై చదువు విషయమై యింటిలో నెలదినములనుండి వాదములు జరుగుచుండెను. ఆ బాలిక తత్త్వశాస్త్రము చదివెదననుచున్నది. డిగ్రీలో ముఖ్యవిషయముగ అదియే కావలెనట, అందులోను నీతిశాస్త్రము. ఢిల్లీలోని కళాశాలలలో చేరుటకై సి.యు.ఇ.టి. అను ప్రవేశపరీక్షను కూడ వ్రాసి, ఫలితములకై యెదురుచూచుచున్నది. 2022నుండి ఢిల్లీ విశ్వవిద్యాలయమున డిగ్రీ ప్రవేశములు ఈ పరీక్షను బట్టియే జరుగుచున్నవి. తండ్రి, అనగా మా తమ్ముడు, కంప్యూటరు చదువు చదువుమనును. తల్లికి దూరమే భయము.

"అక్కయ్యా, నువ్వయినా చెప్పు. తత్త్వం చదివితే తిండి పెడుతుందా?" అని మా తమ్ముడు కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చుచునే మొదలుపెట్టెను.

మా మరదలి మాట వేరు. "తత్త్వం అంటే చివరికి సన్న్యాసమే కదండీ వదినగారూ! పెళ్లి కావలసిన పిల్ల" అని ఆమె కంట తడి పెట్టుకొనెను.

పినతల్లిగారు మాత్రము నవ్వుచు, "ధర్మం తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా ఎందుకే? ఇంట్లో లేదూ?" అనిరి. ఈ ముగ్గురి ప్రశ్నలలోను పినతల్లిగారిదే గట్టి ప్రశ్న యని మాకు తోచినది. మిగిలిన రెండింటికి సమాధానము చెప్పవచ్చును. ఇంటిలోనే ధర్మమున్నప్పుడు కళాశాల యేల యను దానికి అంత సులభముగ చెప్పలేము.

మరునాటి ఉదయము ఆ సమాధానము అనుకొనని చోట దొరికినది. పెరటిలో స్నానమునకు నీళ్లు కాచు పొయ్యి యున్నది. రాత్రి కురిసిన వానకు కొబ్బరిమట్టలు నానియుండుటచే పొయ్యి రాజుకొనక పెరడంతయు పొగ క్రమ్మినది. మేము కన్నులు తుడుచుకొనుచుండగా బాలిక ఊదుగొట్టము చేతబట్టుకొని, "అత్తయ్యా, అన్నంభట్టుగారి ఉపాధి ఇదే" అనెను.

అన్నంభట్టును గూర్చి మన సోదరీమణులలో కొందరికి తెలియకపోవచ్చును. ఆయన 17వ శతాబ్దమునాటి తెలుగువాడు. కాశికి పోయి పండితుడై, తర్కశాస్త్రమును క్రొత్తగా నేర్చువారికొరకు 'తర్కసంగ్రహము' అను చిన్న గ్రంథమును, దానికి 'దీపిక' యను వ్యాఖ్యను సంస్కృతమున రచించెను. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడని పండితులలో సామెత కూడ పుట్టినది. నేటికిని దేశమున ఎచ్చట భారతీయ తర్కమును మొదలుపెట్టినను సామాన్యముగ ఆ చిన్న పుస్తకముతోడనే మొదలుపెట్టుదురు. ఈ బాలికకు ఒక ప్రతి దొరికినది. తెలుగు తాత్పర్యముతో సగమువరకు చదివినది.

ఆ శాస్త్రములో అందరు వాడు దృష్టాంతము వంటయిల్లు. మేము ఈ మాట విని నవ్వుకొంటిమి గాని నిజము. దూరమున కొండమీద పొగ కనబడును, నిప్పు కనబడదు. నిప్పున్నదని యెట్లు నిరూపింపవలెను? తార్కికుడు దానిని ఐదు మెట్లుగ చెప్పును. కొండమీద నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగయుండుటచే ననుట హేతువు. పొగ యెచ్చట నుండునో అచ్చట నిప్పుండును, వంటయింటియందువలె, అనుట ఉదాహరణము. ఈ కొండయు అట్టి పొగ కలదే యనుట ఉపనయము. కావున నిప్పున్నదనుట నిగమనము. ఇందు ప్రాణమైనది మూడవ మెట్టు. పొగకును నిప్పునకును విడువని సంబంధమున్నదని మనకు తెలిసినది వంటయింటిలోనే. మహామహులగు తార్కికులందరును నిదర్శనము కావలసినప్పుడు మన వంటయింటి గుమ్మములోనికే తొంగిచూచిరి! ఆ వంటయింటిలో నున్నవారిని తర్కమునకు పిలిచినవారు మాత్రము తక్కువ.

ఇక తడి మట్టల సంగతి. పొగయున్నచో నిప్పుండునన్నాము గదా, నిప్పున్నచో పొగయుండునని తిప్పి చెప్పవచ్చునా? చెప్పరాదు. ఎర్రగ కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. మరి నిప్పునకు పొగ యెప్పుడు వచ్చును? కట్టె తడిగ నున్నప్పుడు. నడుమ దాగియున్న ఈ తడి కట్టెనే తార్కికులు ఉపాధి యందురు. బాలిక ఊదుగొట్టముతో చూపినది దీనినే. ఇంటిలోపల గ్యాసు పొయ్యి వెలుగుచున్నది, దానికి పొగ లేదు; అది మన కాలపు ఇనుపగుండు. పెరటి పొయ్యికి పొగ యున్నది. కారణము నిప్పు మాత్రమే కాదు, వాన.

ఇది పండితుల వినోదమని కొట్టివేయువారు మన యిండ్లలో ప్రతిదినము జరుగు వాదములను జ్ఞాపకము చేసికొనవలెను. చదువుకొన్న కోడలు వచ్చిన తరువాత ఫలానివారి యిల్లు విడిపోయినది. కాబట్టి చదువు ఇల్లు విడదీయును. ఈ మాటను మనమెంతమంది నోట విని యుందుము! ఆ యింటిలో అంతకుముందే అన్నదమ్ములకు పొలముగట్టు తగవున్నదని యెవరును చెప్పరు. పొలము తగవు అచ్చటి తడి కట్టె. పొగనంతయు కోడలి చదువునకు అంటగట్టితిమి. ఇట్టి దాగిన కారణమును వెదకి బయటపెట్టుట నేర్పెడి విద్యను ఆడుపిల్ల చదివినచో సన్న్యసించునని భయపడనక్కరలేదు. అత్తవారింట మాటకు మాట యడుగునని భయపడినచో కొంత న్యాయమున్నది.

మధ్యాహ్నము భోజనములవద్ద ఇంకొక చమత్కారము జరిగినది. మా తమ్ముడు, "మనం ఇప్పుడు కోనసీమ వాళ్లం" అని గర్వముగ ననెను. బాలిక యూరకుండలేదు. కోనసీమ యనగా గౌతమీ వసిష్ఠల నడుమనున్న భూమి యని పెద్దలు చెప్పుదురు. ఆలమూరు గౌతమికి ఈవలి గట్టున నున్నది. అయినను 2022లో తూర్పుగోదావరిని విభజించినప్పుడు ఈ మండలము కోనసీమ జిల్లాలోనికి వచ్చినది. "జిల్లా పేరుకి అతివ్యాప్తి దోషం పట్టింది నాన్నా" అనెను. లక్షణము చెప్పునప్పుడు మూడు దోషములు రాగూడదు. ఆవు అనగా కపిలవర్ణము గలదియన్నచో తెల్లయావు తప్పిపోవును; అది అవ్యాప్తి. కొమ్ములు గలదియన్నచో గేదెయు ఆవగును, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలదియన్నచో ఏ యావునకును చెల్లదు, అది అసంభవము. పినతల్లిగారు పప్పు వడ్డించుచు ఈ మూడును శ్రద్ధగ వినిరి. తరువాత మా తమ్ముని వైపు తిరిగి, "మంచి చదువు అంటే జీతం వచ్చేది అంటున్నావు. దీనికే దోషంరా?" అని యడిగిరి. అతడు మజ్జిగ పోయుమనెను.

తత్త్వశాస్త్రము డిగ్రీ తరగతులలో ఎట్లు నేర్పుదురో ఇచ్చట కొంచెము చెప్పవలెను. తర్కము, భారతీయ దర్శనములు, గ్రీకు తత్త్వవేత్తలు, ఐరోపా తత్త్వచరిత్ర, నీతిశాస్త్రము: ఇవి సామాన్యముగ నుండు భాగములు. వైద్యములో, వ్యాపారములో, ప్రకృతి సంరక్షణలో వచ్చు ధర్మసంకటములను గూర్చియు నేడు ప్రత్యేకముగ చెప్పుచున్నారు. గ్రంథమును కంఠస్థము చేయుట ముఖ్యము కాదు. ఒకని వాదమును వాడు ఒప్పుకొనునట్లు తన మాటలలో చెప్పవలెను. దానికి మిక్కిలి బలమైన ఆక్షేపణను తానే తీసికొనిరావలెను. ఆ తరువాతనే తన యభిప్రాయము. మన శాస్త్రములలో పూర్వపక్షము, సిద్ధాంతము అనునవి ఇవియే. శత్రువు వాదమును సక్కగ చెప్పగలుగుట ఎంత కష్టమో తోడికోడలి వాదమును ఆమె మెచ్చునట్లు చెప్పజూచినవారికి తెలియును.

2020లో సవరించిన మన రాష్ట్రపు డిగ్రీ పాఠ్యక్రమమున 'మానవ విలువలు, వృత్తి నైతికత' అను చిన్న పాఠ్యాంశము చేర్చబడినది. చెడ్డది కాదు. కాని నీతిని గూర్చిన మంచిమాటలు చదువుట వేరు, ఆ మాట యేల మంచిదని ప్రశ్నించుట వేరు. మొదటిది మన సుమతీశతకము ఎప్పుడో చేసినది.

ఈ గోదావరి తీరమునకు ఈ విద్య క్రొత్తది కాదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలలో సర్వేపల్లి రాధాకృష్ణగారు 1917 ప్రాంతమున తత్త్వశాస్త్రము బోధించిరి. ఆయనకు ఈ శాస్త్రము పట్టువడిన కథ మా తమ్మునికి చెప్పవలసినదే యని చెప్పితిమి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువునాటికి ఇంటిలో ధనము లేదు. బంధువొకరు తత్త్వశాస్త్రమున పట్టము పొంది, తన పాఠ్యపుస్తకములను ఈయనకిచ్చెను. కొననక్కరలేని పుస్తకములు దొరికినవి గనుక ఆ విషయమునే తీసికొనిరి. 1908లో ఎం.ఏ. పరీక్షకై ఆయన వ్రాసిన వ్యాసము వేదాంతమునందలి నీతిని గూర్చినదే. లోకమంతయు మిథ్య యను వేదాంతమున మంచిచెడ్డలకు చోటెక్కడిదని కొందరు క్రైస్తవ పండితులు ఆక్షేపించుచుండిరి. ఇరువదియేండ్ల విద్యార్థి దానిని పూర్వపక్షముగ గ్రహించి సమాధానము చెప్పబూనెను. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. తరువాత 1962లో దేశమునకు రాష్ట్రపతి. ఇది విని మా తమ్ముడు, "అందరూ రాష్ట్రపతులు అవుతారా?" అనెను. కారని మేము ఒప్పుకొంటిమి. కంప్యూటరు చదివినవారందరును ఏమగుచున్నారో యని కూడ నడిగితిమి.

కాకినాడలో పిఠాపురపు రాజావారి కళాశాలకు 1904 మొదలు 1919 వరకు రఘుపతి వెంకటరత్నమునాయుడుగారు అధ్యక్షులుగ నుండిరి. ఆడుపిల్లలను మగపిల్లలతో కలిపి చదువనిచ్చినవారాయన. శీలమును పాఠముగ కాక నడవడిగ చూపిరని ఆయన శిష్యులు చెప్పెడివారు. మన జిల్లాలయందు నీతివిద్యకు ఈ రెండు దారులును ఉన్నవి: ఒకటి వాదముచే తేల్చుట, రెండవది బ్రతికి చూపుట.

బ్రతికి చూపుట యన్నంతనే పినతల్లిగారు డొక్కా సీతమ్మగారి పేరెత్తిరి. ఎత్తుదురని మేమెరుగుదుము. సీతమ్మగారు 1841లో ఆలమూరునకు చేరువనున్న మండపేటలో పుట్టి, లంకల గన్నవరమునకు కోడలైరి. 1909లో పరమపదించువరకు గోదావరి దాటి వచ్చు బాటసారులకు వేళగాని వేళ అన్నము పెట్టిరి. 1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము రాగా ఆమె పోలేదనియు, ఆమె ఛాయాపటమును తెప్పించి సభలో నుంచిరనియు ఈ సీమలో చెప్పుకొందురు. గన్నవరమువద్ద నది మీది క్రొత్త అక్విడెక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది.

"ఆవిడ ఏ కాలేజీలో చదివింది?" అని పినతల్లిగారి ప్రశ్న.

బాలిక కొంతసేపు ఆలోచించి, తాను చదువబోవు నీతిశాస్త్రమంతయు ఆమెను గూర్చినదే యనెను. జర్మనీ తత్త్వవేత్త కాంటు (1724–1804) అయినచో, అతిథికి పెట్టుట విధి గనుక పెట్టినదా యని యడుగును. ఆంగ్లేయుడగు మిల్లు (1806–1873), ఎంతమంది ఆకలి తీరినదని లెక్కించును. గ్రీకు దేశపు అరిస్టాటిలు, పెట్టి పెట్టి పెట్టుటయే స్వభావమైన మనస్సు ఎట్టిదని చూచును. ముగ్గురును ఆమెను మెచ్చుదురు, కాని మూడు కారణములతో.

"ఆకలి వేసినవాడికి మూడూ ఒకటే" అని పినతల్లిగారనిరి.

"బియ్యం నిండుగా ఉన్నప్పుడు ఒకటే మామ్మా. ఒక్కళ్లకే సరిపడా ఉండి, ఇద్దరు గుమ్మంలో నిలబడితే?"

పినతల్లిగారు మారుపలుకలేదు. మా తమ్ముడు తలయెత్తి చూచెను. ఆ ప్రశ్న అన్నమును గూర్చి మాత్రమే కాదని అందరికి తెలిసినది. బాలికకు రెండేండ్లు చిన్నవాడగు తమ్ముడొకడున్నాడు. వానిని ఇంజనీరింగులో చేర్పవలెనని ఇంటిలో నిశ్చయము. తోటల రాబడి ఒక్కని చదువునకు సరిపోవును. ఢిల్లీలో బాలిక వసతికి, భోజనమునకు పంపినచో రెండేండ్ల తరువాత చేయి కట్టువడును. ఈ సంగతిని ఎవరును పైకి చెప్పలేదు. కంప్యూటరని, దూరమని, సన్న్యాసమని చెప్పినదంతయు పొగయే.

మన సభలలో గార్గీ మైత్రేయుల పేళ్లు చెప్పి చప్పట్లు కొట్టించుట అలవాటు. వారేమి యడిగిరో చెప్పువారు అరుదు. గార్గి యాజ్ఞవల్క్యుని ఈ లోకము దేనిపై పడుగుపేకలుగ నేయబడినదని యడిగెను. నేతపని యెరిగినవారి ప్రశ్న. మైత్రేయి, ధనముచే నేను అమృతురాలనగుదునా యని భర్తనడిగెను. ఇంటిలోని డబ్బును గూర్చిన మాటయే అచట మొదలు. ద్రౌపది సభలో నడిగినది మరియు కఠినము. తన్ను తాను ఓడినవానికి నన్నొడ్డు హక్కు ఎక్కడిదని. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. ఆ సభాపర్వమును తెలుగు చేసిన నన్నయభట్టు ఈ దారికి మొదటనున్న రాజమహేంద్రవరమువాడే. ప్రశ్నించుట మన స్త్రీలకు పరదేశపు అలవాటు కాదు. సమాధానము వచ్చువరకు కూర్చుండుటకే ఎవరును చోటీయలేదు.

చోటు దొరికినప్పుడు ఏమగునో ఆక్సుఫర్డు చరిత్ర చూపును. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చుట 1920లో మొదలుపెట్టినది. 1939లో యుద్ధము రాగా యువకులనేకులు సేనలలో చేరిరి. తరగతులు పలుచబడినవి. ఆ కాలమున ఎలిజబెత్ ఆన్స్‌కోంబు, ఐరిస్ మర్డాకు, ఫిలిప్పా ఫుట్, మేరీ మిడ్జిలీ అను నలుగురు యువతులు అచట చదువుచుండిరి. మగవారు తక్కువగుటచే తమ కంఠము వినబడెనని మిడ్జిలీ ముసలితనమున వ్రాసెను. ఆ నలుగురును పండితురాండ్రై నీతిశాస్త్రపు నడకనే మార్చిరి. జపానుపై అణుబాంబు వేయుటకు ఆజ్ఞ యిచ్చిన ట్రూమనునకు 1956లో ఆక్సుఫర్డు గౌరవపట్టమీయబోగా, నిరపరాధులను బుద్ధిపూర్వకముగ చంపించినవానికి గౌరవమేమని ఆన్స్‌కోంబు లేచి యెదిరించెను. పట్టము ఆగలేదు, ప్రశ్న నిలిచినది. 1967లో ఫుట్ ఒక చిక్కు కల్పించెను. అదుపుతప్పిన ట్రాము ముందు ఐదుగురున్నారు. ప్రక్కపట్టా పైకి త్రిప్పినచో ఒకడే చచ్చును. త్రిప్పవచ్చునా?

పినతల్లిగారు ట్రామును చూచినవారు కారు. బాలిక దానిని జొన్నాడ వంతెన దిగి వచ్చు లారీగ మార్చి చెప్పెను. పినతల్లిగారు క్షణమైనను తడువుకొనక, "బండి తీసేముందు బ్రేకులు చూసుకోలేదేం వాడు?" అనిరి. అందరును నవ్విరి గాని బాలిక నవ్వలేదు. "అది కూడా జవాబే మామ్మా. చిక్కు వచ్చాక ఏం చెయ్యాలని కాదు, రాకుండా ముందే చూసుకోవడం ఎవరి పని అని" అనెను. అంతవరకు వంటయింటి గడపయొద్ద నిలిచి వినుచున్న మా మరదలు లోనికి వచ్చి కూర్చుండెను.

ఉద్యోగముల మాట దాచనక్కరలేదు. తత్త్వశాస్త్రమును డిగ్రీలో చెప్పు కళాశాలలు తెలుగుదేశమున అరుదు. అధ్యాపక పదవులును అంతే. ఆ పట్టమొక్కటితో ఎవరును పిలిచి కొలువీయరు. దానిపై మరియొక చదువు కావలెను: న్యాయశాస్త్రమో, ఉపాధ్యాయశిక్షణమో, పత్రికావిద్యయో, ఎం.ఏ. యో. కేంద్రప్రభుత్వపు సివిల్ సర్వీసుల పరీక్షలో తత్త్వశాస్త్రమును ఐచ్ఛికవిషయముగ తీసికొనవచ్చును. 2013నుండి నీతిశాస్త్రమునకే 250 మార్కుల ప్రత్యేకపత్రము అందరికిని విధించిరి. మా తమ్ముని ముఖము మొట్టమొదట వికసించినది ఈ మాట వినినప్పుడే. ఆలమూరు కోర్టులోని ప్లీడర్లు దినమెల్ల చేయునది సాక్ష్యమునుండి నిశ్చయమునకు పోవుటయే గదా యని మేము మరియొక మాట చేర్చితిమి. ఊరి తండ్రులకు నల్లకోటుపై గౌరవమెక్కువ.

ఢిల్లీలో చోటు రానిచో రెండవ దారియు నున్నది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్య ద్వారా తత్త్వశాస్త్రమును బోధించుచున్నది. ఇంటనుండి చదువవచ్చును, ఖర్చు తక్కువ. కాని ఎదుట కూర్చుండి కాదనువారు లేకుండ ఈ శాస్త్రము చదువుట, ఎదురు ఆటగాడు లేక చదరంగమాడుటవంటిదని మా యభిప్రాయము. మా మరదలికి మాత్రము ఈ దారియే నచ్చినది. 1948లో స్త్రీలకొరకే స్థాపితమైన మిరండాహౌసు వంటి కళాశాల ఢిల్లీలో నున్నదనియు, అచట తత్త్వశాస్త్రము చెప్పుదురనియు తెలిపిన పిమ్మట ఆమె భయము కొంత తగ్గెనే గాని పోలేదు. తల్లి భయమును పూర్వపక్షమువలె ఖండింపరాదు, మేము ఖండింపలేదు.

డబ్బు చిక్కును పినతల్లిగారు తీర్చిరి. ఆమెకు పెండ్లినాడు పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన అర యెకరము కొబ్బరితోట గట్టుప్రక్కన నున్నది. ఏబదియేండ్లుగ దాని కౌలు ఇంటిఖర్చులోనే కలియుచున్నది. ఆ సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఆమె కుమారుని పిలిచి, ఈ సంవత్సరమునుండి ఆ కౌలు రెండేండ్లు మనుమరాలిదనియు, మనుమడు కళాశాలలో చేరిన పిమ్మట చెరిసగమనియు చెప్పిరి. మా తమ్ముడు లెక్క వేసి, అది వసతి ఖర్చులో సగమునకే వచ్చుననెను. మిగిలిన సగము తండ్రి పనియని ఆమె యనిరి. చెరిసగమేల, ఎవరికెంత అవసరమో అంత యనరాదా యని బాలిక యడుగబోయినది గాని మేము కన్నుసైగ చేయగా ఊరకుండెను. సిద్ధాంతము తనకనుకూలముగ నున్నప్పుడును ప్రశ్నింపజూచిన పిల్ల ఆ శాస్త్రమునకు తగినదే.

పినతల్లిగారు మాత్రము ఒక షరతు పెట్టిరి. ప్రయాణమగువరకు ప్రతిసాయంకాలము తర్కసంగ్రహమును తనకు చదివి చెప్పవలెను. మేము తిరిగివచ్చి పండ్రెండు దినములైనది. నిన్న ఫోనులో మాటలాడగా, ఫలితములింకను రాలేదనియు, మరదలు ఔనని గాని కాదని గాని యనలేదనియు తెలిసినది. పుస్తకము హేత్వాభాసములవరకు వచ్చినదట. వానిలో రెండవదానిపై మామ్మకును మనుమరాలికిని తగవు పడినదట. మేము ఎప్పుడు వత్తుమని పినతల్లిగారడిగిరి.